కార్తీకం వెళ్లింది... గాలం తీయండి!

పోలి స్వర్గం దీపాలు నీళ్లలో వదిలారో లేదో... బెజవాడ చుట్టుపక్కల ఇళ్లలో అటకమీది గాలాలు కిందికి దిగుతాయి! నెలరోజులపాటు ఉసిరిచెట్టు నీడన గుత్తివంకాయ కూర, పులిహోరలతో సరిపెట్టుకున్న నాలుకలు ఏటి చేప కోసం ఎదురుచూస్తుంటాయి మరి. మార్గశిరం మొదలు సంక్రాంతి దాకా సెలవు దొరికితే చాలు, నలుగురైదుగురు స్నేహితులు కలిసి కృష్ణ ఒడ్డుకు బయల్దేరతారు. చేప పడితే పులుసు. పడకపోతే... ఎందుకైనా మంచిదని సంచీలో కోడిగుడ్లు ఎలాగూ ఉంటాయి!

చేపలంటే అందరికీ గోదావరి పులసే గుర్తొస్తుంది. కానీ పులసది వరదల కాలం. ఎర్రనీటికి ఎదురీదుతూ వస్తుంది, వేలల్లో ధర పలుకుతుంది. కృష్ణ ఒడ్డున చలికాలపు సరదాకు ఆ హడావుడీ లేదు, ఆ ఖర్చూ లేదు. వరద తీసి, నీళ్లు తేరుకుని, ఒడ్డున కూర్చోవడానికి ఎండ హాయిగా ఉండే రోజులివి. ఫిన్లాండ్ లాంటి చోట్ల గడ్డకట్టిన సరస్సుకు చిల్లు పొడిచి మరీ గాలం వేస్తారట. మనకు ఓ మఫ్లర్ చాలు!

బెండు మునిగిందా?

సరంజామా పెద్దగా ఏమీ అక్కర్లేదు. వెదురు కర్ర, నైలాన్ దారం, కొక్కెం, చిన్న సీసపు గుండు, తేలడానికి జీలుగు బెండో నెమలీక కాడో. అసలు తెలివంతా ఎరలోనే ఉంది. జెల్ల, మట్టగిడస, బొమ్మిడాయిలకు ఎర్రలు (వానపాములు) గుచ్చాలి. బొచ్చె, శీలావతి కావాలంటే తవుడూ తెలగపిండీ కలిపిన ముద్ద పెట్టాలి. కొర్రమేను మాత్రం మహా గడుసుది. కదిలే ఎర కనిపిస్తేనే నోరు తెరుస్తుంది.

బెండు ఎంత ఎత్తున కట్టాలన్నదీ లెక్కే. బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది. శీలావతి నడిమి నీళ్లలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. బెండు నాలుగు జానలు జరిపితే దొరికే చేపే మారిపోతుంది. ఈ లెక్క తెలిసినవాడే ఆ రోజుకు నాయకుడు. మిగతావాళ్లంతా ‘మావా, ఇంకాస్త పైకి కట్టనా?’ అంటూ అతని చుట్టూ తిరుగుతుంటారు.

ఇంకో రహస్యం. చలికాలంలో తెల్లవారుజామునే పరుగెత్తాల్సిన పని లేదు. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు చల్లబడితే దానికీ బద్ధకమే, ఆకలీ తగ్గుతుంది. పొద్దెక్కి, ఒడ్డువార నీళ్లు కాస్త వెచ్చబడ్డాకే ఎరవైపు చూస్తుంది. అప్పటిదాకా చేసేదేముంది? కబుర్లే! పిల్లల చదువులు, పొలం కౌళ్లు, అమెరికా వెళ్లినవాడి ముచ్చట్లు, రాననని మొరాయించినవాడి మీద జోకులు... ఆ రెండు మూడు గంటలే అసలు సమావేశం.

ఒకే ఏరు... మూడు రుచులు

బెజవాడ దగ్గర కృష్ణను రెండుగా చూడాలి. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడితే, దాని స్థానంలో 1957 నాటికి 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దానికి పైన భవానీ ద్వీపం నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దాకా నిండు నీళ్లు. పట్టిసీమ ద్వారా 2015 నుంచి గోదావరి నీళ్లు వచ్చి కలుస్తున్నదీ ఆ ఫెర్రీ దగ్గరే. ఇక్కడ బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపలు దొరుకుతాయి.

బ్యారేజీ దాటితే దృశ్యం మారిపోతుంది. వరద వెళ్లాక మిగిలేది ఇసుక తిన్నెలూ, మధ్యమధ్య మడుగులూ. యనమలకుదురు మీదుగా తోట్లవల్లూరు వైపు కరకట్ట మీద వెళ్తుంటే ఓ పక్క మంచు ముసిరిన ఏరు, మరోపక్క అరటి, కంద, పసుపు తోటలు. లంకల పక్కనున్న ఈ మడుగులే కొర్రమేను, జెల్ల, వాలుగలకు ఇళ్లు.

ఇంకా కిందికి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరితే కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టుకుంటుంది. ఇక్కడే కాలువను ఏటిమీదుగా దాటించే అక్విడెక్టు ఉంది. అక్కడి నుంచి నాగాయలంక వైపు వెళ్లేకొద్దీ సముద్రపు పోటు తెలుస్తుంది. చప్పనీళ్లలో ఉప్పు కలుస్తుంది. పండుగప్ప, రొయ్య, పీతల రాజ్యమది. ఆ చివర హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. అక్కడి మడ అడవులు కృష్ణా అభయారణ్యం పరిధిలోవి. అందులో చేపలు పట్టే హక్కు మనకన్నా ముందు ఫిషింగ్ క్యాట్ అనే అరుదైన అడవిపిల్లిది! అడవి జోలికి పోకుండా ఊళ్ల దగ్గరి రేవుల్లోనే సరదా తీర్చుకోవాలి.

నవ్వుతూ వెళ్లి... నవ్వుతూ రావాలి

ఈ నీళ్లకు మరో ముఖమూ ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసుకుంది. 2017 నవంబరు 12... అదీ కార్తీక ఆదివారమే. ఒంగోలు నుంచి స్నేహితులూ కుటుంబాలూ కలిసి సరదాగా వచ్చారు. భవానీ ద్వీపం వైపు నుంచి ఫెర్రీకి వస్తున్న అనుమతి లేని పడవ ఒడ్డు చేరేలోపే బోల్తాపడింది. ఇరవై మందికి పైగా తిరిగి ఇంటికి వెళ్లలేదు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. పట్టేదానికన్నా ఒక్క మనిషి ఎక్కువైనా దిగిపోండి. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. తెలియని మడుగులోకి దిగొద్దు. బ్యారేజీ గేట్ల దగ్గర గాలం వేసే సాహసం అసలే వద్దు.

పులుసు తిప్పే చెయ్యి

మధ్యాహ్నానికి ఇసుకలో మూడు రాళ్ల పొయ్యి వెలుగుతుంది. కొర్రమేను పడితే పని ఎక్కువే. బూడిద పూసి, గరుకు రాయికేసి రుద్దితేగానీ జిగురు వదలదు. బొమ్మిడాయిలైతే పులుసే పెట్టాలి. చింతపండు పులుసు మరిగాక ముక్కలు వేస్తే ఇక గరిటె ముట్టుకోకూడదు. కుండ అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. ఇంట్లో కాఫీ కూడా కలపనివాడు ఇక్కడ పెద్ద వంటమేస్త్రీ! పెరుగన్నం నాటికి ‘ఇంత రుచి ఇంట్లో రాదేంట్రా?’ అనే మాట ఎవరో ఒకరు అనాల్సిందే.

ఏరు ఏరులా ఉంటేనే...

పెద్దల నోట మాత్రం ఒకటే మాట: ‘ఇదివరకటి చేప ఏదిరా?’ కారణం కనిపిస్తూనే ఉంది. డెల్టాలో సుమారు 13 లక్షల ఎకరాలకు నీళ్లు మళ్లించేది బ్యారేజీయే. పంటకు నీళ్లు కావాలి, కాదనలేం. అయితే 2024 సెప్టెంబరులో రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు పారిన చోటే, గేట్లు మూసిన రోజుల్లో కిందికి వెళ్లేది నామమాత్రం. పైనుంచి మంచినీళ్లు రాకపోతే కింద ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి. ఆ రెండూ కలిసే చోట పెరగాల్సిన చేపా రొయ్యా తగ్గిపోతాయి. మన సంచీలో కోడిగుడ్లున్నాయి. వలే జీవనాధారమైన కుటుంబాలకు ఆ వీలు లేదు. బజారులో కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేప కావలసినంత దొరుకుతుంది, నిజమే. కానీ చెరువు చేప కోసం స్నేహితులు ఒడ్డున కూర్చుని ఎదురుచూడరు కదా!

ఏటికి నీళ్లు వదిలే నిర్ణయం గాలం పట్టినవాడి చేతిలో లేదు. చేతనైనవి కొన్ని ఉన్నాయి. ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్లు సంచీలో పెట్టుకుని వెనక్కి తేవడం. తెగిన నైలాన్ దారం నీళ్లలో వదలకపోవడం. జానెడు కూడా లేని పిల్లచేప పడితే, కొక్కెం జాగ్రత్తగా తీసి మళ్లీ నీళ్లలో వేయడం. పైమార్గశిరానికి అది పులుసుకు సరిపోతుంది!