ఉరుముల దారిలో మూడూళ్లు

ధర్మవరం అంటే పట్టుచీర. పెనుకొండ అంటే కోట. హిందూపురం అంటే లేపాక్షికి మజిలీ. ఈ మూడూళ్లకీ డెత్ మెటల్ సంగీతానికీ ఏమిటి సంబంధం అని మీరడగొచ్చు. మా మేనల్లుణ్ణి నేనూ అదే అడిగాను. వాడు జవాబు చెప్పలేదు. 'శుక్రవారం ధర్మవరం వచ్చెయ్ మామా, కలిసి పోదాం' అన్నాడంతే!

మా అక్కావాళ్లది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. ఇప్పుడు ఒకటే ఆడుతోంది. వాళ్లబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటాడు. శనివారం వచ్చిందంటే డ్రమ్స్ ముందు కూర్చుంటాడు. కాలేజీలో నలుగురు స్నేహితులు కలిసి కట్టుకున్న బ్యాండు అది. ఏడేళ్లుగా వాయిస్తున్నారు.

అక్క బెంగంతా దాని గురించే. "ముప్ఫై ఏళ్లు వస్తాండాయి. సంబంధం వాళ్లు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పల్ల? దయ్యం పట్టినట్టు అరిసే పాటలకి డ్రమ్ములు కొడతాడని చెప్పల్లా? నువ్వన్నా చెప్పు తమ్ముడూ, అవి అమ్మేసి రమ్మని!" అంటూ ఫోన్లో ఒకటే గోల. అలా రాయబారిగా బయల్దేరాను.

మగ్గం గుంటలో మొదలు

ధర్మవరంలో తెల్లవారడం అంటే మగ్గం చప్పుడుతో తెల్లవారడమే. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని బావ పక్కన కూర్చున్నాను. ఆయన కాళ్లు గుంటలో ఉన్నాయి. ఒక పలక కిందికి పోతే ఇంకోటి పైకి లేస్తుంది. పోగులు విడిపోతాయి, నాడె ఆ సందులోంచి ఇటునుంచి అటు పరుగెడుతుంది. చేతులు చేసే పని అందరికీ కనిపిస్తుంది. కాళ్లు చేసే పని కనపడదు.

"నేను తాళం నేర్చుకున్నది ఈడనే మామా" అన్నాడు మావాడు వెనకనుంచి. బావ తలెత్తలేదు. విన్నట్టే ఉన్నాడు.

అసలీ డెత్ మెటల్ అంటే ఏమిటో ఆ రోజు వాడే చెప్పాడు. రాక్ సంగీతంలోంచి హెవీ మెటల్ పుట్టింది. అందులోంచి 1980ల్లో అమెరికాలో ఇంకా వేగంగా, ఇంకా బరువుగా ఓ కొమ్మ చీలింది. కాలిఫోర్నియా బ్యాండ్ పొసెస్డ్ 1985లో 'సెవెన్ చర్చెస్' ఆల్బమ్ తెచ్చింది. అందులో ఓ పాట పేరే 'డెత్ మెటల్'. ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ అనే కుర్రాడు పెట్టిన బ్యాండ్ పేరు 'డెత్'. 1987లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. షుల్డినర్ మెదడులో కణితితో 2001లో చనిపోయేనాటికి ఆయన వయసు 34 ఏళ్లే. అప్పటికే ఆయన దారిలో నడిచే బ్యాండ్లు ప్రపంచమంతా పుట్టుకొచ్చాయి.

ఇందులో గిటార్ల శ్రుతిని బాగా కిందికి దించుతారు. గాయకుడు గొంతు లోపలినుంచి గుర్రుమని ఉరుముతాడు. మాటలు ఒక్కటీ అర్థం కావు. చావు, యుద్ధం, కుళ్లిపోయిన లోకం... పాటల్లో చెప్పేదంతా అదే. ఇక డ్రమ్మరు రెండు పాదాలతోనూ రెండు పెడల్స్ తొక్కుతూనే ఉండాలి, మన చెవి ఒక్కో దెబ్బనూ విడిగా పట్టుకోలేనంత వేగంగా. "చేతులకంటే కాళ్లకే పని ఎక్కువ" అన్నాడు. నేను మళ్లీ గుంటలోకి చూశాను.

తెర వెనక యుద్ధం

మధ్యాహ్నం నిమ్మలకుంట వెళ్లాం. ధర్మవరం మండలంలోనే ఉంది. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును అద్దంలా పలచగా చేసి, చిల్లులు కొట్టి, రంగులద్ది బొమ్మ చేస్తారు. దీపం వెలుగు వెనకనుంచి పడితే రావణుడు తెరమీద నిప్పులా మెరుస్తాడు. ఈ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకప్పుడు పొద్దుగూకాక మొదలైన ఆట తెల్లారేదాకా సాగేది. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి దీపాలకు తొడిగే తోలు బుట్టలు, గోడకు తగిలించే బొమ్మలు. ఆటకు పిలిచేవాళ్లకంటే అలంకరణకు కొనేవాళ్లే ఎక్కువ.

ఒకరింట్లో అరుగుమీద కూర్చుంటే పెద్దాయన ఓ సంగతి చెప్పారు. యుద్ధం ఘట్టం వచ్చినప్పుడు తెర వెనక నేలమీద చెక్కపలకలు పరిచి, వాటిమీద కాళ్లతో దబదబా తొక్కుతారట. రాముడి బాణం తగిలిందంటే పలక అదిరిపోవాలి. చేతుల్లో బొమ్మలు, నోట్లో పద్యం, కాళ్ల కింద యుద్ధం! మావాడు లేచి ఆ పలకలమీద నిలబడ్డాడు. ఓ నిమిషంపాటు తొక్కాడు. పెద్దాయన నవ్వి, "బాగుంది గానీ ఆపడం ఎప్పుడో తెలియాల నాయనా. నువ్వు ఆపకపోతే రాముడు మాట్లాడేది ఎప్పుడు?" అన్నారు.

కుంభకర్ణుణ్ణి లేపేదెవరు?

శనివారం పొద్దున్నే పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. హంపీలో ఆగిపోయిన చరిత్ర ఈ కొండకింద మళ్లీ కొన్నాళ్లు నడిచింది. గగన్ మహల్ మెట్లెక్కి కిటికీలోంచి చూస్తే ఊరూ, కొండా, కూలిన బురుజులూ ఒకే చూపులో కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ 365 గుళ్లుండేవని ఊళ్లో చెప్పుకుంటారు. హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుకునే బాబయ్య దర్గా కూడా ఇక్కడే.

పిల్లలకు నచ్చేది మాత్రం కుంభకర్ణుడి బొమ్మ. కాళ్లు బారజాపి పడుకున్న ఆ భారీ విగ్రహం చుట్టూ, అతణ్ణి లేపడానికి నానా తంటాలు పడుతున్న రాక్షసుల బొమ్మలు! "మా షోలో మొదటి వరుస మామా ఇది" అని మావాడు ఫొటో తీసుకున్నాడు.

అక్కణ్నుంచి ఆటోలో దగ్గర్లోని ఓ పల్లెకు తీసుకెళ్లాడు. ఉరుములు వాయించే ఓ పెద్దాయన ఇంటికి. అనంతపురం ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు ఉరుముల గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం... జాతరల్లో, అక్కదేవతల కొలువుల్లో వాయించే వాద్యం ఇది. దాన్ని వాయిస్తూ చేసే నృత్యమే ఉరుముల నృత్యం. తరతరాలుగా దీన్ని బతికించుకొస్తున్నవి దళిత కుటుంబాలు. రెండువైపులా తోలు మూసిన డోలు అది. ఒకవైపు పుల్లతో కొడతారు. రెండోవైపు వంకరపుల్లతో తోలును రాస్తారు. ఆ రాపిడికి లోపలినుంచి ఓ మూలుగు వస్తుంది. దూరాన మబ్బు కదిలినట్టు ఉంటుంది. దానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, సరిగ్గా పెట్టారు.

పెద్దాయన వాకిట్లో నిలబడి వాయించారు. మొదట కోళ్లు చెదిరిపోయాయి. తర్వాత పక్కింటి పిల్లలొచ్చారు. నా ఛాతీలో ఏదో కదిలినట్టయింది. మావాడు కళ్లు మూసుకుని కాళ్లతో లెక్క కడుతున్నాడు.

వాయించడం అయ్యాక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి తన బ్యాండు పాట వినిపించాడు. ఆయన ముఖం చిట్లించుకుని ఆసాంతం విన్నారు.

"ఎంతమంది వస్తారప్పా దీనికి?"

"నూరు, నూటయాభై మంది తాతా."

"దుడ్లు ఇస్తారా?"

"బండి బాడుగకి సరిపోతాయి."

"మాకూ అంతేలే" అని ఇయర్‌ఫోన్ తిరిగిచ్చేశారు. ఇద్దరు కొడుకులూ బెంగళూరులో కట్టడం పనికి పోయారట. పండక్కి వస్తే డోలు దించుతారు గానీ నేర్చుకున్నది సగమేనట. "వాళ్లను తిట్టి ఏం లాభం? పొట్టకి కావల్ల గదా" అన్నారు. అక్క చెప్పమన్న మాట నాకు గుర్తొచ్చింది. ఎందుకో ఆ వాకిట్లో దాన్ని బయటపెట్టబుద్ధి కాలేదు.

హిందూపురంలో రైలు

హిందూపురం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే ఊరు. బెల్లం, చింతపండు వ్యాపారానికి పాతకాలం నుంచీ పేరు. పట్టుగూళ్ల మార్కెట్ కూడా ఉంది. ధర్మవరం మగ్గంమీద కనిపించే మెరుపు ఇలాంటి మార్కెట్లలో బుట్టల్లో గూళ్లుగా మొదలవుతుంది.

లేపాక్షి ఇక్కణ్నుంచి 15 కిలోమీటర్లు. పోయి రావడానికి సమయం సరిపోయింది. వీరభద్రాలయం నాట్యమంటపంలో రంభ ఆడుతుంటే దేవతలు వాద్యాలు వాయిస్తున్న శిల్పాలున్నాయి. వాళ్లలో భృంగికి మూడు కాళ్లు! "ఇంకో కాలుంటే నాకూ బాగుండు" అన్నాడు మావాడు.

తిరిగొచ్చి స్టేషన్లో టీ తాగుతుంటే పాత సంగతి ఒకటి బయటపెట్టాడు. 2011లో వాడు హిందూపురం హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. అక్టోబరు 30, ఆదివారం. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా షో. ఇంట్లో చెప్పకుండా ఇదే స్టేషన్లో రైలెక్కాడట. నాలుగేళ్ల ముందు, 2007 మార్చిలో, అదే మైదానంలో ఐరన్ మెయిడెన్ వాయించింది. అప్పట్నుంచీ మన దేశంలో మెటల్ అభిమానులకు బెంగళూరు పుణ్యక్షేత్రం లాంటిదైంది. 2012 నుంచి 'బెంగళూరు ఓపెన్ ఎయిర్' పేరుతో ఏకంగా మెటల్ పండగే మొదలైంది.

అయితే అంత పెద్ద వేదికలు అందరికీ దక్కవు. డెత్ మెటల్‌ను నమ్ముకున్న మన బ్యాండ్లది నిదానంగా సాగే ప్రయాణం. బెంగళూరులో డయింగ్ ఎంబ్రేస్ 1991లోనే మొదలైంది. మన హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ సంగతి చూడండి. 2015లో మొదలైంది. 2016లో 'సెంచురీస్ ఆఫ్ డికేడెన్స్', 2018లో 'స్వార్మ్' అనే చిన్న ఆల్బమ్‌లు తెచ్చింది. పూర్తి నిడివి ఆల్బమ్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' వచ్చేసరికి 2021 అయింది. ఆరేళ్లు! సినిమా పాటైతే ఆరు రోజుల్లో ఊరూరా మోగుతుంది. వీళ్లకు రేడియో లేదు, టీవీ లేదు. పాట జనంలోకి పోవాలంటే ఊరూరూ తిరిగి వాయించాల్సిందే. తోలుబొమ్మలవాళ్లూ, ఉరుములవాళ్లూ చేసిందీ అదే కదా.

ముప్ఫై అయిదు నిమిషాలు

బెంగళూరులో షో ఓ పబ్బు మేడమీద. నాకంటే పెద్దవాళ్లు అక్కడెవరూ లేరు. అందరివీ నల్ల టీషర్టులే. నా తెల్ల చొక్కా చూసి ఒకబ్బాయి "అంకుల్, వెనక నిలబడండి, ముందు తోసేస్తారు" అని జాగ్రత్త చెప్పాడు. చెవుల్లో పెట్టుకోమని దూది కూడా ఇచ్చాడు.

నిజంగానే తోసుకున్నారు. గుండ్రంగా తిరుగుతూ ఒకరినొకరు గుద్దుకున్నారు. కొట్లాటేమో అని భయపడ్డాను. ఓ కుర్రాడు కిందపడగానే అందరూ ఆగారు. అయిదారు చేతులు ఒకేసారి లేపాయి. వాడి కళ్లజోడు ఎవరో వెతికి ఇచ్చారు. మళ్లీ గుద్దులాట మొదలు!

పాటల్లో ఒక్క మాటా నాకు అర్థం కాలేదు. నేను చూసింది మావాడి కాళ్లనే. ఏడు పాటలు, ముప్ఫై అయిదు నిమిషాలు. ఆ కాళ్లు ఆగాల్సినచోట ఆగాయి. అలా ఆగినప్పుడల్లా గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేది.

చివరి పాటకు ముందు గాయకుడు ఇంగ్లిషులో ఏదో చెప్పాడు. జనం "నో" అని అరిచారు. పక్కనున్న అబ్బాయి వివరించాడు. గిటారిస్టు జర్మనీ వెళ్తున్నాడు, గాయకుడికి పుణేకి బదిలీ అయింది, బ్యాండుకు ఇదే ఆఖరి షో అని. మావాడు నాకు ఈ ముక్క చెప్పలేదు. వాళ్లమ్మకీ చెప్పలేదు.

షో అయ్యాక సామాను సర్దుతుంటే దగ్గరికెళ్లాను. ఇక దాచుకోలేక, "డ్రమ్ములు అమ్మేయమని చెప్పమంది అమ్మ" అన్నాను.

వాడు నవ్వాడు. "నాకు డ్రమ్ములు యాడివి మామా? కిట్టు ఈ హాలువాళ్లది. ఏడేళ్లలో నేను కొనుక్కునింది ఇదొక్కటే" అంటూ ఇనప పెడల్స్ జంటను సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. "ఇంట్లో పెట్టెయ్. ఈడ ఉంటే చూడబుద్ధి కాదు."

మర్నాడు ఆ సంచితో ధర్మవరంలో దిగాను. అక్క సంగతంతా విని చాలాసేపు మాట్లాడలేదు. "ఒక మాట చెప్పుంటే నేనూ చూసేదాన్ని గదా" అంది చివరికి. బావ పెడల్స్ బయటికి తీసి కింద పెట్టాడు. చెప్పులు విడిచి కాలు మోపాడు. ఓసారి నొక్కి చూశాడు. "స్ప్రింగు బిగుసుకుంది, నూనె పడల్ల దీనికి" అన్నాడు.

నూనె ఆయనే పెట్టాడు. ఇప్పుడవి ఆడని మగ్గం పక్కన గుడ్డ కప్పుకుని ఉన్నాయి. అక్క సంబంధాలు చూస్తూనే ఉంది. మొన్న మావాడు ఫోన్ చేసి, అవి యాడ పెట్టినారు అని అడిగాడట. దసరాకి వచ్చినప్పుడు తీసుకుపోతాడట.

ఇలా వెళ్లొచ్చు

హైదరాబాద్ నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే రైలుమార్గంలోనే ఈ మూడూళ్లూ వరసగా వస్తాయి. హిందూపురం నుంచి బెంగళూరు దాదాపు వంద కిలోమీటర్లు. నిమ్మలకుంటకు ధర్మవరంలో, లేపాక్షికి హిందూపురంలో దిగాలి. కోట, గగన్ మహల్ చూడాలనుకుంటే పెనుకొండలో ఓ పూట ఉండేలా చూసుకోండి. ఉరుములు వినాలంటే మాత్రం జాతరల రోజుల్లోనే వెళ్లాలి.