ఓడలో ఏడు రాత్రులు

మేము 2023 జూలైలో అలాస్కా ఓడ ప్రయాణం చేసి వచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మన సంఘంలో కనిపించిన ప్రతివారూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటిది "ఎంతయింది?" రెండోది "తిండి సంగతి ఏమిటి?" అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ వ్రాసేస్తే మేలనిపించింది. మూడో సంగతి ఒకటుంది. దాన్ని గురించి ఎవరూ అడగలేదు కాని, నాకు అన్నిటికంటే అదే ముఖ్యమనిపించింది. అది కూడా చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు క్లుప్తం. విమానం టిక్కెట్లు, ఓడ, రేవుల్లో దిగి చూసేవి అన్నీ కలిపితే నలుగురం ఇండియా వెళ్ళివచ్చినంత అయింది. అదీ కిటికీ లేని లోపలి గదులు తీసుకుంటే. మావారు, నేను ఒక గదిలో, మా అత్తగారు, మా అమ్మాయి పక్క గదిలో. మాతోపాటు మన ఊరివే మరో మూడు కుటుంబాలు. సియాటిల్‌లో ఎక్కి, జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, కెచికాన్ చూసి, కెనడాలోని విక్టోరియాలో ఓ సాయంత్రం ఆగి, మళ్ళీ సియాటిల్‌లోనే దిగాము.

మా అత్తగారికి 76 ఏళ్ళు. సొంత ఊరు రాజమండ్రి. ఓడ అనగానే ముందు ఆవిడ రానన్నారు. "సరదాకి ఓడెక్కడమేమిటే? మా పెదనాన్న పొట్ట చేత పట్టుకుని కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. 1942లో జపాను వాళ్ళ బాంబులకి నడిచి తిరిగొచ్చాడు. మనవాళ్ళు ఓడెక్కడమంటే అదీ" అన్నారు. ఆ మాటలో నిజముంది. గోదావరి జిల్లాలనుంచి, విశాఖపట్నం నుంచి డెక్కు టిక్కెట్టు కొనుక్కుని బర్మా వెళ్ళినవాళ్ళకు లెక్కలేదు. కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవాళ్ళకు "కోరంగీలు" అనే పేరే పడిపోయింది. చివరికి మనవరాలు బతిమాలితే ఒప్పుకున్నారు.

ఎక్కినతరువాత ఆవిడ అన్న మొదటి మాట "ఇది ఓడ కాదు, పెళ్ళివారి విడిది" అని. నిజంగా అలాగే ఉంది. ప్రయాణికులం దాదాపు 2,700 మందిమి, సిబ్బంది వెయ్యి పైచిలుకు. పొద్దున్న ఆరింటికి మొదలైన తిండి అర్ధరాత్రిదాకా ఆగదు. ఇక శాకాహారం సంగతి. బఫేలో పళ్ళు, రొట్టెలు, సలాడ్లు, పప్పుదినుసుల కూర ఏదో ఒకటి రోజూ ఉండేవి. రాత్రి భోజనశాలలో మాత్రం ముందురోజే పెద్ద వెయిటరుతో చెప్పుకోవాలి. ఆయన కేరళ ఆయన. "రేపు ఏం కావాలి?" అని కాగితం పట్టుకుని వచ్చేవాడు. మర్నాటికి అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, పెరుగు వచ్చేవి. కారం మనం చెప్పినా వాళ్ళు భయపడుతూనే వేస్తారు కాబట్టి ఊరగాయ సీసా వెంట ఉండటం మంచిది. మూత తీయని, కొట్లో కొన్న సీసా అయితే పేచీ ఉండదు.

గదులు చూసే అబ్బాయి ఇండోనేషియా వాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పొద్దున్న మేము టిఫినుకి వెళ్ళి వచ్చేలోపల గది అద్దంలా ఉండేది. సాయంత్రం మళ్ళీ వచ్చి పక్కలు సర్ది, తువ్వాలును మడిచి ఒకరోజు ఏనుగు, ఒకరోజు కోతి, ఒకరోజు హంస చేసి పెట్టేవాడు. మా అత్తగారు వాటిని విప్పనివ్వలేదు. నాలుగో రోజుకి బల్లమీద బొమ్మలకొలువు తయారైంది.

ఆవిడతో ఇంకో చిక్కు వచ్చింది. పరాయివాళ్ళచేత పక్క ఎత్తించుకోవడం ఇష్టంలేక, అతను రాకముందే దుప్పట్లు మడిచి, స్నానాలగది తుడిచి కూర్చునేవారు. రెండు రోజులు చూసి అతను మా అమ్మాయితో మెల్లిగా చెప్పుకున్నాడు: "అమ్మగారికి నా పని నచ్చలేదా? సూపర్‌వైజరు చూస్తే నేను చేయలేదనుకుంటాడు." ఆ సంగతి చెప్పాక ఆవిడ మానేశారు. దానికి బదులు అతను పనిచేస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చుని తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో కబుర్లు మొదలుపెట్టారు. ఎంతమంది పిల్లలు, అమ్మానాన్నా ఉన్నారా, ఇల్లు సొంతమా. ఆ వారంలో మా అందరికంటే ఎక్కువ సంగతులు తెలుసుకున్నది ఆవిడే.

అతనికి రెండేళ్ళ కొడుకు. ఒప్పందం తొమ్మిది నెలలు. తరువాత రెండు నెలలు ఇంటికి, మళ్ళీ ఓడ. ఆ రెండు నెలలకూ జీతం ఉండదు. కొడుకు పుట్టినప్పుడు ఓడలోనే ఉన్నాడు. పిల్లవాడి రెండేళ్ళ వయస్సులో అతను చూసింది నాలుగు నెలలు. ఇదంతా చెప్పి మా అత్తగారు కాసేపు ఊరుకుని, మావారి వైపు చూసి, "నువ్వు 1988లో వచ్చి 1992దాకా రాలేదు. నెలకోసారి ఫోను. నాకు ఇంకా గుర్తే" అన్నారు. మావారు ఏమీ మాట్లాడలేదు.

ఐదో రోజున గ్లేసియర్ బే. అది చూడవలసిందే. ఉదయం పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి మన ఓడెక్కి, మైకులో విశేషాలు చెబుతారు. 1750 ప్రాంతంలో ఆ అఖాతమంతా ఒకే మంచుగడ్డట. 1794లో వాంకూవర్ బృందం వచ్చేసరికి మంచు కొద్ది మైళ్ళే వెనక్కి తగ్గి ఉంది. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి నలభై మైళ్ళకు పైగా తగ్గిపోయింది. ఇప్పుడు లోపలికి 65 మైళ్ళు వెళితేకాని చివరి మంచునదులు కనిపించవు. మార్జరీ అనే గ్లేసియర్ ముందు ఓడ గంటసేపు ఆగింది. నీలిరంగు గోడ. ఉన్నట్టుండి ఒక ముక్క విరిగి నీళ్ళలో పడుతుంది. ముందు కంటికి కనిపిస్తుంది, ఉరుములాంటి చప్పుడు తరువాత వస్తుంది. ఓడంతా డెక్కుమీదే ఉందనుకున్నాను.

ఓడంతా కాదు. ఆ రాత్రి భోజనాల దగ్గర కేరళ ఆయన ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. "మీ భాష వాడు" అన్నాడు. భీమిలి దగ్గర పల్లెటూరు, విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంటు చదివాడు. వంటింటి పక్కన గిన్నెల విభాగంలో పని. తెలుగు మాట వినగానే మొహం విప్పారింది. "మామ్మగారూ, ఆవకాయ వాసన లోపలికొచ్చిందండి" అన్నాడు. నేను మాటవరసకి "గ్లేసియర్ ఎంత బాగుంది కదా" అన్నాను. "ఈ సీజన్లో పన్నెండుసార్లు వచ్చామండి ఇక్కడికి. నేను ఒక్కసారి చూశాను. ఓడ ఆగే టైము లంచ్ టైమండి కదా" అని నవ్వాడు. మా అత్తగారు మిగిలిన సీసా అతని చేతిలో పెట్టారు.

తరువాత అతను చెప్పినవి, నేను వచ్చాక చదివినవి కలిపి రెండు ముక్కలు వ్రాస్తాను. మా ఓడ మీద ఎగిరే జెండా అమెరికాది కాదు, బహామాస్‌ది. ఈ వ్యాపారంలో చాలా ఓడలు ఇలా బహామాస్, పనామా, బెర్ముడా వంటి చోట్ల రిజిస్టరవుతాయి. అందుచేత పనివాళ్ళకు అమెరికా కనీస వేతనాలు, ఓవర్‌టైము వర్తించవు. విక్టోరియాలో ఆగడం కూడా మన సరదా కోసం కాదు. అమెరికాలో 1886లో చేసిన చట్టం ప్రకారం, పరదేశపు జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళను అమెరికా రేవుల్లో తిప్పి మళ్ళీ అక్కడే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి. కోవిడ్ వల్ల కెనడా తన రేవులు మూసినప్పుడు 2021లో కాంగ్రెసు తాత్కాలికంగా సడలింపు ఇవ్వవలసివచ్చింది.

ఓడ పనివాళ్ళకు రక్షణగా 2006లో జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2013నుంచి అమలులో ఉంది. ఇండియా 2015లో ఆమోదించింది. దాని ప్రకారం రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, లేదా వారానికి 72 గంటలకు మించి పనిచేయించకూడదు. ఈ రెండిటిలో ఏ లెక్క పాటించాలో జెండా ఇచ్చిన దేశం నిర్ణయించుకోవచ్చు. మనవాళ్ళంతా లెక్కల్లో గట్టివాళ్ళు కనుక చూడండి: వారానికి 168 గంటలు, అందులో 77 తీసేస్తే 91. అంతదాకా పనిచేయించినా మొదటి లెక్క ప్రకారం తప్పు లేదు. సిబ్బంది తిరిగే పొడవైన నడవా ఒకటి ప్రయాణికులకు కనిపించకుండా ఓడ కింది అంతస్తులో ఉంటుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఐ-95". మనం కార్లలో పోయే హైవే పేరే.

ఇక మూడో సంగతికి వస్తాను. మేము వెళ్ళినప్పుడు, 2023లో, ఓడలో మనిషికి రోజుకు 16 డాలర్ల చొప్పున టిప్పు బిల్లులో వాళ్ళే వేసేశారు. మా నలుగురికీ ఏడు రోజులకు 448 డాలర్లు. కావాలంటే ఆఖరి రోజులోగా కౌంటరు దగ్గరికి వెళ్ళి తీయించేసుకోవచ్చు. ఆరో రోజు సాయంత్రం మా బృందంలో ఒకాయన "పదండి, అందరం వెళ్ళి తీయించేద్దాం" అన్నారు. ఆయన పిసినారి కాదు. మన సంఘానికి ఆయన చేసే సాయం అందరికీ తెలుసు. ఆయన వాదన ఇది: "జీతం ఇవ్వవలసింది కంపెనీ. ఇంత వసూలుచేసి వాళ్ళ జీతాలు మన నెత్తిన వేయడమేమిటి? ఈ డబ్బు వాళ్ళకు చేరుతుందని గ్యారంటీ ఏమిటి? మనకు నచ్చినవాళ్ళకు చేతికిస్తే సరిపోతుంది."

అందులో సగం నేనూ ఒప్పుకుంటాను. జీతం కంపెనీయే ఇవ్వాలి. కాని మనం తీయించేసినంతమాత్రాన కంపెనీ జీతం పెంచదు. తగ్గేది ఆ అబ్బాయి ఇంటికి పంపే డబ్బు. తన రాబడిలో పెద్దభాగం ఆ టిప్పులేనని అతనే మా అత్తగారితో అన్నాడు. పైగా చేతికివ్వడమంటే కనిపించినవాడికే ఇవ్వడం. ఐ-95 మీద తిరిగేవాడికి, దుప్పట్లు ఉతికేవాడికి, గిన్నెల దగ్గరి భీమిలి కుర్రాడికి చేతికిచ్చేదెవరు? బిల్లులో వేసినది అందరూ పంచుకుంటారు. నేను ఈ మాటలే అన్నాను. మావారు మాత్రం ఇంకోటి అన్నారు: "1989లో నేను రెస్టారెంటులో గిన్నెలు కడిగాను. ఆదివారంనాడు వెయిటర్లు తమ టిప్పుల్లోంచి నాకు తొమ్మిది డాలర్లో పదో ఇచ్చేవాళ్ళు. నెలకోసారి అమ్మకు ఫోను చేసింది ఆ డబ్బుతోనే." పాతికేళ్ళకు పైగా కాపురం చేస్తున్నాను, ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. మా అత్తగారు కూడా అప్పుడే విన్నారు.

చర్చ అక్కడితో తేలలేదు. మూడు కుటుంబాలం ఉంచేశాము. ఆయన వెళ్ళి తీయించుకున్నారు. స్నేహం చెడలేదు, ఇప్పటికీ కలిసే భోంచేస్తాము. ఈ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఇంట్లో పనిమనిషితో ఎలా మసలుకోవాలో చిన్నప్పటినుంచి చూసినవాళ్ళం మనం. మంచీ చూశాము, చెడూ చూశాము. ఇక్కడికి వచ్చాక మన గిన్నెలు మనమే కడుక్కోవడం నేర్చుకున్నాము. కంపెనీ చేసే అన్యాయాన్ని వారం రోజుల సెలవులో మనం సరిదిద్దలేము. అంతకంటే తక్కువవాడి జేబులో చెయ్యి పెట్టకుండా ఉండగలం.

వెళ్ళదలచుకున్నవారికి నాలుగు మాటలు. జూలైలో కూడా గ్లేసియర్ ముందు చలి వణికిస్తుంది; కోటు, టోపీ మరచిపోకండి. పెద్దవాళ్ళుంటే లిఫ్టుకు దగ్గరగా గది అడగండి. టిప్పుల డబ్బు టిక్కెట్టు ధరలో భాగమేనని మొదటే లెక్కవేసుకుంటే ఆఖరిరోజు బాధ ఉండదు. ఇండియాలో మీ బంధువుల పిల్లలెవరైనా ఇలాంటి ఉద్యోగాలకు వెళుతుంటే, ఏజెంటుకు బొంబాయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో చూసుకోమనండి. ఉద్యోగం ఇప్పించినందుకు రుసుము వసూలుచేయడం ఆ జెనీవా ఒప్పందం ప్రకారం నిషిద్ధం. ఇక చివరి రోజున అభిప్రాయాలు వ్రాయమని ఒక కాగితమిస్తారు. చాలామంది పారేస్తారు. పారేయకండి. మీకు సేవచేసినవాళ్ళ పేర్లు స్పెల్లింగు తప్పు లేకుండా అడిగి వ్రాయండి. వాళ్ళ తరువాతి ఒప్పందానికీ, ప్రమోషనుకూ అది పనికివస్తుందని భీమిలి కుర్రాడు చెప్పాడు. అతని పేరు కూడా వ్రాసి ఇచ్చి వచ్చాము.