సెకనులో నూరో వంతు

చలి అన్న మాటకు మా ఊళ్ళో ఉన్న అర్థం చాలా చిన్నది. ధనుర్మాసపు తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని అరుగు మీద కూర్చోవడం, భోగి మంట దగ్గర అరచేతులు కాచుకోవడం, అంతటితో సరి. అంతకు మించిన చలిని నేను పుస్తకాలలో తప్ప ఎరుగను. అటువంటి నేను మంచు మీద జరిగే పందేల గురించి టపా రాయడమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. రాయడానికి కూర్చున్నప్పుడు నాకూ వచ్చింది. అయినా ఒక స్వీడన్ దేశస్థుని కథ కొన్నేళ్ళుగా నా మనసులో ముల్లులా ఉండిపోయింది. దాన్ని తీసి ఇక్కడ పెడితే తప్ప నాకు నెమ్మది కలిగేలా లేదు.

2018 ఫిబ్రవరిలో, దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాలపు ఒలింపిక్స్ జరుగుతున్న రోజులవి. ఇద్దరేసి కూర్చొని మంచు బాటలో జారే బాబ్‌స్లెడ్ పోటీలో జర్మనీ జట్టుకూ, కెనడా జట్టుకూ నాలుగు పరుగుల మొత్తం కాలం సెకనులో నూరో వంతు తేడా కూడా లేకుండా సమానంగా వచ్చింది. ఇరువురికీ స్వర్ణమే ఇచ్చారు. ఆ నలుగురూ ఒకరినొకరు కావలించుకోవడం చూస్తూ నాలో నేను అనుకున్నాను: ఆ నూరో వంతు గనక ఒకరి వైపు మొగ్గి ఉంటే? ఆ ప్రశ్న పట్టుకొని వెదుక్కుంటూ పోతే దొరికిన పేరు థామస్ వాస్‌బెర్గ్.

వాస్‌బెర్గ్ 1956లో స్వీడన్ పశ్చిమాన వార్మ్‌ల్యాండ్ ప్రాంతంలోని లెన్నార్ట్స్‌ఫోర్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అతని ఆట క్రాస్ కంట్రీ స్కీయింగ్. కొండ మీద నుంచి కిందికి రివ్వున జారిపోయే వినోదం కాదది. ఎత్తులు ఎక్కాలి, పల్లాలు దిగాలి, చదును నేల మీద పదుల కిలోమీటర్లు చేతులతో కర్రలు పొడుస్తూ, కాళ్ళతో తోసుకుంటూ పోవాలి. మన బండి బాటలో చక్రాల గాడి ఉన్నట్లు మంచులో రెండు సమాంతరమైన గాళ్ళు ఉంటాయి. పాదాలకు బిగించిన సన్నని పొడవాటి పలకలు ఆ గాళ్ళలో నడుస్తాయి. ఆ పలకల అడుగున పూసే మైనం ఆనాటి మంచుకు సరిపడకపోతే ఎంతటి బలశాలి అయినా వెనుకబడవలసిందే.

ఈ ఆటలో నన్ను ఆకట్టుకున్న సంగతి మరొకటి ఉంది. ఆ రోజుల్లో వ్యక్తిగత పోటీలలో అందరూ ఒక్కసారిగా బయలుదేరేవారు కారు. అర నిమిషానికి ఒకరు చొప్పున వదిలేవారు. కనుక పక్కన ప్రత్యర్థి ఊపిరి వినిపించదు. ఎవరిని ఓడిస్తున్నామో, ఎవరి చేతిలో ఓడిపోతున్నామో కంటికి కనబడదు. అడవిలో ఒంటరిగా గడియారంతో పోరాడాలి. ఫలితం చివర్న ఎవరో చెబితే తెలుస్తుంది. ఆలోచిస్తే మన చదువుల పరీక్షలూ అటువంటివే కదా.

1980 ఫిబ్రవరి 17. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్. పురుషుల 15 కిలోమీటర్ల పోటీ. ఫిన్లాండ్ వాడైన యూహా మియెటో ముందు బయలుదేరాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, నిండు గడ్డం, చూడడానికి అడవి నుంచి నడిచి వచ్చిన చెట్టులా ఉంటాడు. అతడు గమ్యం చేరిన కాలం 41 నిమిషాల 57.64 సెకన్లు. అప్పటికి అదే అందరికన్నా మేలు. తరువాత వచ్చినవాడు వాస్‌బెర్గ్. అతని కాలం 41 నిమిషాల 57.63 సెకన్లు.

మళ్ళీ చదవండి. తేడా చివరి అంకెలో ఉంది.

నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. పదిహేను వేల మీటర్లను రెండు వేల అయిదువందల పదిహేడు సెకన్ల పైచిలుకు కాలంలో పోయిన మనిషి సగటున సెకనుకు ఆరు మీటర్లు పోతున్నట్లు. అందులో నూరో వంతు అంటే ఆరు సెంటీమీటర్లు. నా చూపుడు వేలు అంతకన్నా పొడవుంది. పదిహేను కిలోమీటర్ల అడవి దారిలో ఇద్దరు మనుషుల మధ్య దూరం ఒక వేలు పొడవైనా లేదు. ఆ మాత్రానికి ఒకరిది బంగారం, ఒకరిది వెండి. మూడో స్థానంలో వచ్చిన నార్వే వాడు ఊవ్ ఔన్లీ వీరికి ముప్ఫై సెకన్లు వెనుక ఉన్నాడంటే వీరిద్దరూ ఎంత దగ్గరో ఊహించండి.

మియెటోకు ఇది మొదటి దెబ్బ కాదు. 1972లో జపాన్‌లోని సప్పొరోలో ఇదే 15 కిలోమీటర్ల పోటీలో అతడు నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కంచు పతకం తప్పింది సెకనులో నూటికి ఆరు వంతుల తేడాతో. ఒకే మనిషిని, ఒకే దూరంలో, విధి రెండుసార్లు అంత సన్నని దారంతో ఉరి తీసింది. 1976లో జట్టుతో కలిసి రిలేలో స్వర్ణం గెలిచాడు గానీ, ఒలింపిక్స్‌లో తనదంటూ ఒక వ్యక్తిగత స్వర్ణం అతనికి చివరి దాకా దక్కనే లేదు.

నన్ను కదిలించింది ఓడినవాడి దుఃఖం కాదు. ఓడినవారి మీద జాలిపడడం మన సాహిత్యానికి అలవాటే, కర్ణుని తలచుకొని కంటతడి పెట్టని వాళ్ళెవరు? నన్ను పట్టుకున్నది గెలిచినవాడి ఇబ్బంది. వాస్‌బెర్గ్ ఆ గెలుపును హాయిగా జేబులో వేసుకోలేకపోయాడు. రెండు పతకాలనూ చెరి సగం కోసి, సగం బంగారం సగం వెండి అయిన రెండు పతకాలుగా చేసుకుందామని మియెటోతో అన్నాడని ఆ కథ నేటికీ చెప్పుకుంటారు. పతకాలు కోయలేదు, అతకలేదు. కానీ అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఒక పని చేసింది. ఇకమీదట ఈ ఆటలో కాలాన్ని నూరో వంతు దాకా కాక పదో వంతు దాకానే లెక్కించాలని నియమం మార్చింది. యంత్రం చూడగలిగినంత సూక్ష్మంగా మనిషి చూడనక్కరలేదని పెద్దలు ఒప్పుకున్నారన్నమాట. అయితే పాత ఫలితం పాత ఫలితంగానే మిగిలింది.

అదే ఏడాది స్వీడన్‌లో ఇంకొక ఘటన జరిగింది. స్వెన్‌స్కా దాగ్‌బ్లాదెట్ అనే పత్రిక ఏటా ఆ దేశపు క్రీడాకారులలో ఒకరికి బంగారు పతకం ఇస్తుంది. అక్కడ దానికి గొప్ప గౌరవం. 1980కి దాన్ని వాస్‌బెర్గ్‌కు ప్రకటించారు. ఆయన వద్దన్నాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్ గెలిచిన బియోర్న్ ఫెర్మ్‌కు ఆ పతకం ఇవ్వకపోవడం అన్యాయమని ఆయన అభిప్రాయం. తన ఆట కానివాడు, పన్నెండేళ్ళ కిందటి సంగతి. అయినా పట్టు విడవలేదు. చివరకు 2013లో, ముప్ఫై మూడేళ్ళ తరువాత, దాన్ని స్వీకరించాడు.

ఒక్క నూరో వంతుతో మాత్రమే గుర్తుండిపోయే మనిషి కాడు వాస్‌బెర్గ్. 1982లో ఓస్లో ప్రపంచ పోటీలలో 50 కిలోమీటర్లు గెలిచాడు. 1984లో సరయేవో ఒలింపిక్స్‌లో అదే 50 కిలోమీటర్లు మళ్ళీ గెలిచాడు. రెండుంబావు గంటలు సాగిన ఆ పోటీలో రెండో స్థానంలో వచ్చినవాడు తన దేశస్థుడే, తనకన్నా దాదాపు ఆరేళ్ళు చిన్నవాడు, పేరు గుండే స్వాన్. (తెలుగువాడి చెవికి ఆ పేరులోనే గుండె ఉంది. ఏం చేయను, నవ్వుకున్నాను.) తేడా 4.9 సెకన్లు. మొన్నటి నూరో వంతుతో పోలిస్తే అది ఒక యుగం. ఆ ఇద్దరూ కలిసి ఆ ఏడు రిలే స్వర్ణం కూడా తెచ్చారు. 1987లో ఓబర్‌స్ట్‌డార్ఫ్‌లో 30 కిలోమీటర్లూ, రిలే. 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌లో మళ్ళీ రిలే. మొత్తం నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. ఇన్ని ఉన్నా లోకం తలుచుకునేది ఆ మొదటి దాన్నే.

ఇక నా ముల్లు సంగతి.

మేము పదో తరగతి ముగించిన ఏడు మా ఊరి పెద్ద ఒకాయన తన తండ్రి పేరిట ఒక ఉపకారవేతనం పెట్టాడు. ఒక పరీక్ష, నూరు మార్కులు, ఒక్కరికే బహుమతి. గెలిచినవాడికి పట్నంలో ఇంటర్మీడియట్ రెండేళ్ళ ఫీజూ, హాస్టలు ఖర్చూ. పోటీ అంతా నాకూ నా మిత్రుడికీ మధ్యనే. నాకు 83, వాడికి 82 వచ్చాయి. జనం ముందు నాకు దండ వేశారు. వాడే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు.

దిద్దిన పేపర్లు తిరిగి ఇచ్చారు. ఆ రాత్రి లాంతరు ముందు కూర్చొని మురిపెంగా మార్కులు కూడుకున్నాను. 81 వచ్చింది. మళ్ళీ కూడాను. 81. ఒక రెండు మార్కుల జవాబును దిద్దినవారు రెండుసార్లు కలిపారు. అంటే గెలిచినవాడు వాడు. నేను పేపరు మడిచి ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

నేను పట్నం వెళ్ళాను. వాడు ఐటీఐలో చేరాడు. ఇప్పుడు మండల కేంద్రంలో మోటార్లకు వైండింగు చుట్టే కొట్టు నడుపుతున్నాడు. కూతురి పెళ్ళి చేశాడు, ఇల్లు కట్టుకున్నాడు. బాగానే ఉన్నాడు. ఆ “బాగానే” అన్న మాట చాటున ఇన్నేళ్ళూ నేను దాక్కున్నాను. ఆ రెండు మార్కులు లేకపోయినా నేను ఎలాగో చదువుకునేవాణ్ణే అనీ, వాడికి దక్కినా వాడు చదివేవాడో లేదో అనీ ఎన్ని వాదాలు అల్లానో నాకే తెలుసు.

వాస్‌బెర్గ్‌ది నిజమైన నూరో వంతు. యంత్రం అబద్ధమాడలేదు, ఎవరూ కూడికలో తప్పు చేయలేదు. అయినా ఆయనకు పతకం సగం కోసి ఇవ్వాలనిపించింది. తనకు సంబంధం లేని మరొకని కోసం ఒక గౌరవాన్ని ముప్ఫై మూడేళ్ళు గుమ్మం బయట నిలబెట్టాడు. నాది నిజం కాని రెండు మార్కులు. ఆ తేడా ఏ గడియారానికీ అందేది కాదు.

ఇంకొక్క మాట. మంచు మీద స్కేటింగు పద్ధతిలో, ప్రతి కాలి తోపుకూ రెండు కర్రలూ కలిపి పొడుస్తూ సాగే ఒక తీరు ఉంది. ఫిన్లాండ్ ప్రజలు, అంటే మియెటో దేశస్థులు, తమ భాషలో దానికి పెట్టుకున్న పేరు “వాస్‌బెర్గ్”. తమవాణ్ణి ఆరు సెంటీమీటర్లతో ఓడించినవాని పేరును అక్కడి పిల్లలు నేటికీ ఆట నేర్చుకుంటూ పలుకుతున్నారు. గెలిచినవాడు ఎలా ప్రవర్తించాడన్నదాన్ని బట్టే ఓడినవారి ఊళ్ళో వాని పేరు నిలుస్తుందేమోనని నాకనిపిస్తుంది.

నిన్న సాయంత్రం వాడికి ఫోను చేశాను. ఎండాకాలం ముందే వచ్చిందనీ, కాలిపోయిన మోటార్లు కొట్టు నిండా పడి ఉన్నాయనీ చెప్పాడు. ఉగాదికి ఊరు వస్తున్నానన్నాను. ఒక కాయితం చూపించాలిరా అన్నాను.

“ఏం కాయితంరా?” అన్నాడు.

వచ్చాక చూద్దువుగానిలే అన్నాను. ట్రంకుపెట్టె తాళంచెవి ఈ ఉదయమే వెదికి బయట పెట్టుకున్నాను.