చివరికి వచ్చే నేల

ఇంటికి పునాదే మొదలని నమ్మే మనిషి అమెరికా పల్లెల్లో పోల్ బార్న్ అనే గుంజల కొట్టం కట్టే తీరు చూస్తే కాసేపు ఆగిపోతాడు. అక్కడ పునాది తీయరు. చలికాలంలో మట్టి గడ్డకట్టే లోతును దాటి గోతులు తవ్వి, చెద పట్టకుండా మందెక్కించిన కర్ర గుంజలు పాతుతారు. వాటి మీదికి కప్పును మోసే ట్రస్సులు, ఆపైన రేకులు ఎక్కుతాయి. గోడలకూ రేకులు బిగించాక కట్టడం పూర్తయినట్టే. లోపల అడుగు పెడితే మాత్రం కాలి కింద ఇంకా పొలమే ఉంటుంది. డబ్బుకు కటకటలాడిన 1930లలో రూపు దిద్దుకున్న పద్ధతి ఇది. ముందు తలదాచుకునే చోటు కావాలి, మిగతావి తరువాత చూసుకోవచ్చు.

మన పశువుల పాకదీ ఇదే వరస. గుంజలు పాతి, వాసాలు కట్టి, తాటాకు కప్పాకే నేల సంగతి చూసేవారు. మట్టి పోసి, దిమ్మిస కొట్టి, పేడతో అలికితే పని అయిపోయేది. దానికి వేరే ఖర్చు రాసుకున్నవారు లేరు. పోల్ బార్న్‌లో ఆ ఖర్చు పెద్దది. పైగా కట్టేవాళ్లు చెప్పే ధరలో నేల తరచు కలిసి ఉండదు. కప్పు వేశాక రైతు మళ్లీ మొదటినుంచి ఆలోచనలో పడతాడు.

ఆలోచన తెగకపోవడానికి కారణం ఉంది. ఆ కట్టడానికి నేలతో పని లేదు. కప్పు బరువూ, గాలి తోపుడూ గుంజలే మోస్తాయి. కాబట్టి ఏ నేల వేయాలో లోపలికి రాబోయేవే చెప్పాలి. గుర్రం కాళ్లకు కాంక్రీటు మంచిది కాదు. దానికి గట్టిగా అణచిన రాతిపొడి, పైన రబ్బరు చాపలు హాయి. ట్రాక్టరు నిలపడానికి కంకర చాలు. కారు కింద పడుకుని మరమ్మతు చేసేవాడికి మాత్రం గచ్చు లేనిదే గడవదు. కంకరలో జారిన నట్టు దొరకదు, జాకీ ఒక పక్కకు ఒరుగుతుంది. నేల ఎంచుకోవడమంటే రైతు రేపు ఇక్కడ తానేం చేస్తాడో ఈరోజే తేల్చుకోవడం. అంత స్పష్టత ఎవరికైనా అరుదు.

నేల లేని లోటు ముందుగా కప్పు మీద కనబడటం నాకు ఎప్పుడూ వింతే. మట్టిలోని చెమ్మ ఆవిరై పైకి లేచి, రాత్రి చలికి చల్లబడిన రేకును తాకి నీరవుతుంది. తెల్లారేసరికి బయట వాన జాడ ఉండదు, లోపల ట్రాక్టరు సీటు మాత్రం తడిసి ఉంటుంది. కప్పు కారుతోందని నిచ్చెన వేసి వెతికితే చిల్లు దొరకదు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి కాంక్రీటు పోస్తే నేలనుంచి ఎక్కే ఆ చెమ్మకు అడ్డు పడుతుంది.

కాంక్రీటు వేద్దామనుకుంటే డబ్బంతా కంటికి కనబడని చోటికే పోతుంది. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉన్న బార్న్‌లో నేల 2,400 చదరపు అడుగులు. 4 అంగుళాల మందానికి సుమారు 30 ఘనగజాల కాంక్రీటు పడుతుంది, 6 అంగుళాలకైతే 44 దాటుతుంది. పైనుంచి చూసేవారికి రెండూ ఒకటే. అడుగున అణచిన కంకరా, పట్టా, ఇనుప చువ్వలూ, నేలను వెచ్చబరిచే నీటి గొట్టాలూ అన్నీ పోతకు ముందే పడాలి. పోశాక గుర్తొచ్చిన గొట్టానికి ఇక దారి లేదు.

అంత ఖర్చుపెట్టి నున్నగా తీర్చిన గచ్చును మర్నాటికల్లా రంపంతో కోస్తారు. పది అడుగులకొక గీత, మందంలో నాలుగో వంతు లోతు. ఆరే కాంక్రీటు ముడుచుకుంటుంది, ముడుచుకుంటే పగలక మానదు. ఆ పగులు గీత అడుగున దాగాలనే ఈ కోత. పదార్థం స్వభావాన్ని ఇంత మర్యాదగా ఒప్పుకున్న పనితనం నాకు ఎంతో ఇష్టం.

చెల్లింపులోనూ ఒక తిరకాసుంది. ఒకేసారి అంతా పోయించగలిగినవాడికి ఘనగజం చవకగా పడుతుంది. ఈ ఏడాది ఒక మూల, వచ్చే ఏడాది మరో మూల అనుకునేవాడు తక్కువ లోడుకు అదనపు రుసుము కట్టాలి, పనివాళ్లను రెండుసార్లు పిలవాలి. అయినా నా మొగ్గు విడతలవైపే. రెండు మూడేళ్లు కంకర మీద నడిస్తే ట్రాక్టరు ఎక్కడ తిరుగుతుందో, నీరు ఏ వైపునుంచి వస్తుందో, మనిషి ఏ కిటికీ దగ్గర పనికి కూర్చుంటాడో తెలిసిపోతుంది. అప్పుడు గచ్చు ఆ మూలకే చాలని తేలవచ్చు. ఆ అదనపు రుసుము నా దృష్టిలో ఈ తెలివిడి ఖరీదు, అది ఎక్కువేమీ కాదు. ఇందుకు ముందే చేయవలసిన పని ఒకటుంది: రేపు పోయబోయే కాంక్రీటు మందమెంతో అనుకుని, తలుపు మట్టానికి అంత కిందే కంకర ఆపాలి.