బెలుం బిలంలో నేపాళ మాంత్రికుడు

పాతాళ భైరవి సినిమా నేను చూసింది డిగ్రీలో చేరిన తర్వాత. అప్పటికే ఆ కథ మొత్తం నాకు నోటికి వచ్చు. కోయిలకుంట్లలో మా ఇంటి నడవలో నాపబండల మీద బోర్లా పడుకుని, రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రంగా దాన్ని విన్నంత శ్రద్ధగా బడిలో ఏ పాఠమూ వినలేదు.

శబ్దచిత్రం అంటే ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. సినిమాలోని మాటలూ పాటలూ చప్పుళ్ళూ ఏరి, ఒక గంటకు కుదించి రేడియోలో వేసేవాళ్ళు. కోసేసిన చోట ఒక వ్యాఖ్యాత వచ్చి, నిదానంగా నాలుగు ముక్కల్లో కథ అందించి తప్పుకునేవాడు. పాతాళ భైరవి మూడు గంటలకు పైబడిన సినిమా. అంటే రెండు వంతులు కత్తెరకే పోయేది. మిగిలిన ఆ వంతుకైనా బొమ్మ లేదు. అయినా ఆ పూట వీధిలో మనిషి కనపడేవాడు కాదు.

మా రేడియో చెక్కపెట్టె మర్ఫీ. పోస్టాఫీసుకు పోయి ఏటా దానికి లైసెన్సు కట్టేది నాయన. ముల్లు తిప్పే హక్కు మాత్రం చిన్నాయనది. కడప కేంద్రం 1963లో వచ్చింది కాబట్టి నాకు ఊహ తెలిసేసరికే అది మా ఇంటి మనిషి. పట్టపగలు కూడా గణగణా పలికేది. విజయవాడ అట్లా కాదు. పగలంతా గురగుర. పొద్దు మునిగి, జొన్నరొట్టెలు తినేవేళకు మెల్లగా గొంతు సవరించుకునేది. ఎండకు ఆకాశంలో ఏర్పడే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుందనీ, రాత్రి అది పలచబడగానే అవి ఇంకా పైనున్న పొరకు తగిలి దూరాన దిగుతాయనీ తర్వాతెప్పుడో చదువుకున్నాను. మా జేజి మాత్రం అప్పుడే తేల్చేసింది: "రాత్రిపూట దావ నిమ్మళంగా ఉంటాది గదరా. పగలు బస్సులు, లారీలు. పాపం, మాటలు ఎట్ల వచ్చాయి?"

జేజికి అక్షరం ముక్క రాదు. కానీ కాశీమజిలీ కథలు తెలుసు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన పన్నెండు భాగాల్లో కొన్ని, అట్టలు ఊడిపోయినవి, మా ఇంట్లో ఉండేవి. జేజినాయన బతికున్నప్పుడు లాంతరు ముందు కూచుని వాటిని పైకి చదివేవాడట. వీధి ఆడవాళ్ళంతా విత్తనానికి బుడ్డలు ఒలుస్తూ వినేవాళ్ళట. ఆ పుస్తకం కట్టుబాటే వినడం మీద నడుస్తుంది. మణిసిద్ధుడు కాశీకి పోతుంటాడు, తోడుగా గోపడనే పసుల కాపరి. మజిలీ మజిలీకి గోపడు ఏదో ఒక వింత చూసొచ్చి దాని సంగతేమిటని అడుగుతాడు, మణిసిద్ధుడు కథ చెప్తాడు. కథ లేకపోతే గోపడు అడుగు ముందుకు వేయడు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు, తీసిన కె.వి. రెడ్డి ఆ మజిలీల్లోంచే పాతాళ భైరవికి బీజం తెచ్చుకున్నారు. దానికి అరబ్బుల అల్లావుద్దీన్ దీపాన్ని కలిపారు. అచ్చులోకి వెళ్ళిన కథ తెర మీదికెక్కి, చివరికి మళ్ళీ మా నడవకే గొంతుగా దిగింది. బుడ్డలు ఒలిచేవాళ్ళు కూడా దాదాపు ఆ ఆడవాళ్ళే.

జేజికి రేడియో మీద ఒకటే కోపం. "మజిలీ మజిలీకి దిగి, వంట చేసుకుని, తీరుబడిగా చెప్పాల్సిన కథ. ఈళ్ళేంది, బస్సు పోతాదన్నట్టు చెప్తారు!" కె.వి. రెడ్డిది తాడిపత్రి అనీ, సినిమా తీసిన విజయా వారి నాగిరెడ్డిది మన కడప జిల్లా అనీ చిన్నాయన చెప్పినాక కొంచెం మెత్తబడింది. "మనోళ్ళేనా? అయితే వాళ్ళు సరిగ్గానే తీసింటారు. కోసినోడే ఎవడో కోస్తా వాడు." ఇది ఒట్టి అపవాదు. అయినా ఇంట్లో ఎవరూ కాదనలేదు.

కోత వల్ల మాకు దక్కిన లాభం ఒకటుంది. నేపాళ మాంత్రికుడు తనను పాతాళ భైరవికి బలివ్వబోయే ముందు కథానాయకుడు తోట రాముడు స్నానానికి నీళ్ళలోకి దిగుతాడు. మొసలి పట్టుకుంటుంది. పోరాటంలో మాటలుండవు. తెర మీదైతే కళ్ళప్పగించి చూడొచ్చు, రేడియోలో ఏముంది? బుడుంగుమన్న చప్పుడు, వాద్యాల హోరు, మళ్ళీ నీళ్ళు. తర్వాత హఠాత్తుగా ఒక ఆడగొంతు, శాపం తీరిన అప్సరస. నడుమ జరిగిందంతా మా పూచీ. మొసలి తోక ఎంత పొడుగు, రాముడు దాన్ని ఏ పక్కనుంచి పట్టాడు, కత్తి ఉందా లేదా అని మరుసటిరోజు బడికి పోయే దారిలో కొట్టుకునేవాళ్ళం. నాకు ఆ నీళ్ళు మా కుందూ నది మడుగు. అందులో ఎండాకాలం ఈతకు దిగే మాలో ఒకడు, రాముడు మునిగింది ఫలానా రేవు దగ్గరేనని, నీళ్ళు అట్లా మోగేది ఆ ఒక్క చోటేనని పందెం కాశాడు. కాదని నిరూపించడం ఎవరి తరమూ కాలేదు.

ఇక మాంత్రికుడు. ఆ వేషం వేసిన ఎస్.వి. రంగారావు ఆకారం ఎట్లా ఉంటుందో నాకు తెలీదు. గొంతే తెలుసు. అది గదమాయించే గొంతు కాదు. మెల్లగా, తియ్యగా, ఒక్కో మాటను నంజుకుంటున్నట్టు పలుకుతుంది. భయపెట్టింది అదే. అరిచేవాడైతే పారిపోవచ్చు, ఇట్లా బుజ్జగించేవాడి వెంట కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఆయన పిలిచే 'డింభకా' అన్న పిలుపు మా వీధిలో పిల్లలందరికీ ఇంటిపేరైంది. మా ఐవారు ఒకసారి లెక్క తప్పు చేసినవాణ్ణి నల్లబల్ల దగ్గరికి ఆ మాటతోనే పిలిచారు. ఆ రోజు తరగతిలో బెత్తానికి పని లేకపోయింది.

1974లో రంగారావు చనిపోయాడని వార్తల్లో చెప్పారు. పెద్దవాళ్ళు అయ్యో అన్నారు. మా చెల్లెలు మాత్రం చలించలేదు. కథలో రాముడు మాంత్రికుణ్ణే నరికి భైరవికి బలిస్తే, శిష్యుడు సదాజపుడు వచ్చి మూలికతో బతికిస్తాడు. "సదాజపుడు వచ్చేవరకూ ఉండాల" అంది అది, బువ్వ తింటూ.

ఆ నరకడం దగ్గర మాకు వేరే కథ అడ్డం పడేది. కోయిలకుంట్ల పిల్లలకు తెగిన తల అంటే ఒక్కటే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో మా ఊరి ఖజానా మీద పడ్డాడు. కుంఫిణీవాళ్ళు ఆయన్ను పట్టుకుని 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే ఉరి తీశారు. తలను కోటకు వేలాడదీసి 1877 దాకా, అంటే ముప్పై ఏళ్ళు, అట్లాగే ఉంచారు. ఆయన మీద కట్టిన పాట మా పొలాల్లో కూలీలు పాడేవాళ్ళు. అందుకని రేడియోలో ఖడ్గం చప్పుడు వినగానే మా మతులు కథ జరిగే ఉజ్జయినికి పోకుండా కోట దిక్కుకు పోయేవి. దుర్మార్గుడైన మాంత్రికుడి తలకూ, మేము దేవుడిలా చూసుకునే మనిషి తలకూ పొంతన ఎట్లా కుదిరిందంటే చెప్పలేను. సదాజపుడు కాస్త ముందు పుట్టి, మూలిక పట్టుకుని కోట దగ్గరికి వచ్చుంటే బాగుండేదని మాత్రం నేను గట్టిగా అనుకునేవాణ్ణి.

పాతాళం సంగతికి వస్తే, మాకు ఊహించుకునే పని కూడా లేదు. కొలిమిగుండ్ల దాటిపోతే బెలుం. నేల మట్టంగా ఉంటుంది, కొండా లేదు గుట్టా లేదు, చేల నడుమ ఉన్నట్టుండి బావిలాంటి గుంత. దాని అడుగున నోరు. మా పక్క నాపరాయి నేలంతా ఇంతే. కింద సున్నపురాయి, దాన్ని లక్షల ఏళ్ళుగా నీళ్ళు తొలిచేశాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర 1884లోనే దాని గురించి రాశాడు. ఆ బిలంలో దిగినవాడు కాశీలో తేలతాడని జేజి చెప్పేది. ఇక కావలసిందేముంది? అటు మణిసిద్ధుడు పోయే కాశీ, ఇటు మాంత్రికుడు రాముణ్ణి తీసుకుపోయే పాతాళం, రెంటికీ దారి ఒక్కటే, అదీ మా తాలూకా పక్కనే. గుహలో మాంత్రికుడి గొంతు గింగుర్లు తిరుగుతుంటే బెలుం బండలకు తగిలే అట్లా మోగుతోందని నా నమ్మకం. ఒకసారి నాయనతో ఎడ్లబండి మీద ఆ పక్కకు పోయినప్పుడు, గుంత దగ్గర దిగి చూడమంటే బండి మీదే కూచున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత, టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ నవలను బీబీసీ వాళ్ళు 1981లో రేడియో నాటకంగా వేసిన క్యాసెట్లు విన్నాను. అరగంటవి ఇరవై ఆరు భాగాలు. ఫ్రోడో గొంతు ఇయాన్ హోమ్‌ది. గనుల్లో చీకటి, దూరాన డప్పులు, గుర్రాల అలికిడి, అన్నీ పొందికగా, తొందర లేకుండా వచ్చాయి. జేజి విని ఉంటే మెచ్చుకునేది, మజిలీ మజిలీకీ దిగి చెప్పే పద్ధతి అది. మనవాళ్ళు రెండు వార్తల నడుమ గంట సందు చూసుకుని అంత కథనూ అందులో ఇరికించారు. అయినా ఆ నాటకం వింటున్నంతసేపూ నాకు ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళే కనిపించాయి. వాళ్ళు అంత పకడ్బందీగా కట్టారు, నా కుందూకు అందులో చోటు మిగల్లేదు.

డిగ్రీ రోజుల్లో కర్నూలులో సినిమా చూసినప్పుడూ ఇదే. మార్కస్ బార్ట్లీ కెమెరా గొప్పది, కాదనను. 1951లో ఆ మాయలన్నీ ఎట్లా చేశారో ఇప్పటికీ ఆశ్చర్యమే. రాముడి వేషంలో రామారావు అందగాడు. రంగారావు గడ్డం, చేతిలో దండం, నడక అన్నీ గొంతుకు తగ్గట్టే ఉన్నాయి. కాకపోతే ఆ సినిమా ఉజ్జయినిలో జరిగింది. నేను విన్నది మా రేనాట్లో జరిగింది. మొసలి పోరాటం రెండు నిమిషాల్లో అయిపోయింది. మా లెక్కలో అది బడి గంట కొట్టేదాకా సాగేది.

2002లో బెలుం గుహలను ప్రభుత్వం జనానికి తెరిచింది. మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు, లోపలికి గాలి పంపించే ఏర్పాటు చేశారు. గుహ పొడుగు 3,229 మీటర్లని బోర్డు రాశారు. అందులో కొంతమేరే మనల్ని పోనిస్తారు. ఒక దసరా సెలవుల్లో పిల్లలతో వెళ్ళాం. చెల్లెలు కూడా వచ్చింది, ఇప్పుడు అది అమ్మమ్మ. ఉక్కపోతలో చెమటలు కారుతుంటే వంగి వంగి నడిచి, కిందికి దిగి దిగి, చివరికి నీళ్ళు పారే చోటికి చేరాం. దాని పేరు పాతాళగంగ. నేల మట్టానికి నూటయాభై అడుగుల కింద ఉంది. గైడు రాళ్ళ వయసు చెప్తుంటే వినకుండా చెల్లెలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి "డింభకా!" అని అరిచింది. మనవరాలు ఉలిక్కిపడి ఏడుపందుకుంది. నేను తలెత్తలేక గైడుకు క్షమాపణ చెప్పబోయాను.

"ఏం ఫర్వాలేదులే సార్" అన్నాడతను. "ఈ పక్క ఊళ్ళ నుంచి వచ్చే ఆ వయసు వాళ్ళంతా ఇక్కడికి రాగానే అదే అరుస్తారు. జమ్మలమడుగు వాళ్ళయితే ఇంకా గట్టిగా."