శంషాబాద్ నుంచి జిద్దాకు: టికెట్టు చెప్పని గంటలు

ఉమ్రా ప్రయాణపు టికెట్టు మీద బయలుదేరే వేళ రాత్రి 9.30, జిద్దా చేరే వేళ 12.45 అని ఉన్నది. అది విని అమ్మీ, "మూడుంబావు గంటలేనా! కర్నూలు నుంచి హైదరాబాద్ రావడానికే అంతకంటే ఎక్కువ పట్టింది కదా బేటా" అన్నారు. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుందనీ, నిజానికి ప్రయాణం అయిదుముప్పావు గంటలనీ వివరించాము.

శంషాబాద్ నుంచి జిద్దా విమానాశ్రయానికి తిన్నని ఆకాశమార్గాన సుమారు 4,130 కిలోమీటర్లు. శీతకాలంలో పడమటి గాలులు ఎదురు వీస్తాయి గనుక వెళ్ళేటప్పుడు ఆలస్యం. తిరుగు ప్రయాణంలో అవే గాలులు వెన్ను తట్టి, దాదాపు అయిదు గంటల్లో ఇల్లు చేరుస్తాయి. అయితే టికెట్టు మీద మాత్రం అది ఏడున్నర గంటలుగా కనిపిస్తుంది!

యాత్రికునికి ఈ లెక్కలకంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఇహ్రామ్ సంకల్పం లేకుండా దాటరాని హద్దు, మీఖాత్, జిద్దాలో లేదు, దారిలోనే ఉన్నది. దైవప్రవక్త (స) నజ్ద్ వాసులకు ఖర్నుల్ మనాజిల్‌ను, యమన్ వాసులకు యలమ్లమ్‌ను మీఖాత్‌గా నిర్ణయించారు. బొంబాయి నుంచి ఓడలో వెళ్ళిన మన పెద్దలు యలమ్లమ్‌కు ఎదురుగా రాగానే ఇహ్రామ్ ధరించేవారు. 1995తో ఆ హజ్ ఓడలు ఆగిపోయాయి. వారికి సిద్ధపడేందుకు సముద్రం మీద ఎన్నో రోజులుండేవి. తూర్పు నుంచి వచ్చే విమానమో, తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ ప్రాంతాన్ని కొద్ది నిమిషాల్లో దాటేస్తుంది. ఆ తరువాత జిద్దాలో దిగడం ఇక పావుగంట, ఇరవై నిమిషాల మాట. ఆ వేళ నిద్రపోయి సంకల్పం తప్పితే, వెనక్కి మీఖాత్‌కు వెళ్ళాలి, లేదా పరిహారంగా బలి ఇవ్వాలి అని పండితులు చెబుతారు. (ముందుగా మదీనా వెళ్ళేవారికి ఈ తొందర లేదు, వారి మీఖాత్ మదీనా శివారులోని జుల్ హులైఫా.)

అందుకే ఇషా నమాజు ముగించి, మగవాళ్ళము శంషాబాద్‌లోనే ఇహ్రామ్ వస్త్రాలు కట్టుకున్నాము. వాటిని పెద్ద పెట్టెలో పెట్టి సామానుతో పంపేస్తే విమానంలో చేతికి రావు. సంకల్పం మాత్రం మీఖాత్ కోసం ఉంచుకున్నాము.

అరేబియా సముద్రం, ఒమాన్ తీరపు దీపాలు వెనుకబడ్డాయి. ఆపై రుబుల్ ఖాలీ ఎడారి. కిటికీలో ఒక్క దీపమైనా లేని చీకటి. అమ్మీ నిద్రలోకి జారుకున్నారు. ప్రకటన వినబడకపోతేనో అన్న భయంతో మేము ఎదుటి తెరపై పటాన్నే చూస్తూ కూర్చున్నాము.

జిద్దా సమయం 12.15కు ప్రకటన రానే వచ్చింది, అరబీలోనూ ఇంగ్లీషులోనూ. అమ్మీకి ఆ రెండూ రావు. భుజం తట్టి లేపాము. ఉలిక్కిపడి, "దాటిపోయిందా?" అన్నారు.

"లేదమ్మీ, ఇప్పుడే వస్తోంది."

ఆమె ఓఢనీ సవరించుకుని, పెదవులు కదిలిస్తూ సంకల్పం చేసుకున్నారు. ముందు వరుసలో ఎవరో తల్బియా అందుకున్నారు. మెల్లగా విమానమంతా కలిసింది.