నీళ్లు దిగితేనే పిట్ట దిగుతుంది

మా వసతి గృహం వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులుగా ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. హాస్టల్ జ్ఞాపకాలు చాలామంది రాస్తారు, కాబట్టి మేము పిట్టల గురించి రాస్తున్నాం. రాసేది ఒకరమే అయినా చూసింది, తిరిగింది ముగ్గురం. అందుకే 'మేము' అనే రాస్తున్నాం.

అది 2015. మేము ఎనిమిదో తరగతి. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. భైంసా పక్కనే ఉన్న గడ్డెన్న వాగు ప్రాజెక్టులో నీళ్లు బాగా వెనక్కిపోయాయి. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే సుద్దవాగు మీద కట్టిన ప్రాజెక్టు అది. ఆదివారం బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లిన మాకు నీళ్ల అంచున బురద మీద చిన్న చిన్న పిట్టలు గుంపుగా పరిగెత్తుతూ కనిపించాయి. పిచ్చుకంత ఉన్నాయి. కుట్టుమిషను సూదిలాగా ముక్కు బురదలో టకటకా పొడుస్తున్నాయి. మేము వాటిని కొంగపిల్లలు అనుకున్నాం.

సోమవారం బడిలో జీవశాస్త్రం సార్‌కు చెప్తే ఆయన నవ్వి, మరుసటి ఆదివారం తన పాత బైనాక్యులర్ తెచ్చి మాతో పాటు వచ్చారు. అవి కొంగపిల్లలు కావని, లిటిల్ స్టింట్ అనే వలస పక్షులని చెప్పారు. తెలుగులో ఈ జాతి పిట్టలను ఉల్లంకులు అంటారట. ఒక్కోటి పాతిక ముప్పై గ్రాములకు మించి ఉండదు. రష్యాకు ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున గుడ్లు పెట్టి, అక్కడ నేల గడ్డకట్టే లోపు వేల కిలోమీటర్లు ఎగిరి మన దేశానికి వస్తాయి. మేము అప్పటికి నిర్మల్ దాటి ఎక్కడికీ పోలేదు. అంత చిన్న పిట్ట అంత దూరం నుంచి మా ప్రాజెక్టుకు వచ్చిందంటే మొదట నమ్మలేదు.

తర్వాత చదువుకుంటే అంతా నిజమేనని తెలిసింది. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే ఈ దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. వీటి బంధువే అయిన గాడ్విట్ జాతి పక్షి ఒకటి 2022 అక్టోబరులో అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని ఒంటికి కట్టిన చిన్న యంత్రం ద్వారా శాస్త్రవేత్తలు ఆ దారిని లెక్కగట్టారు.

అసలు పాఠం మరుసటి ఏడాది నేర్చుకున్నాం. 2016 సెప్టెంబరులో వానలు దంచికొట్టాయి. ప్రాజెక్టు నిండిందని ఊరంతా సంబరపడింది. నీళ్లు ఎక్కువుంటే పిట్టలూ ఎక్కువే వస్తాయని మేము అనుకున్నాం. కింది తరగతి పిల్లలను పది మందిని వెంటబెట్టుకుని గొప్పగా వెళ్లాం. అదే ఒడ్డు, అదే నెల. ఒక్క ఉల్లంకి లేదు. పిల్లలు మమ్మల్ని చూసి నవ్వారు. అప్పుడే థర్మాకోల్ తెప్ప మీద వల తీసి ఒడ్డుకు వస్తున్న ఒక పెద్దమనిషి అడిగాడు.

"ఏం దేవులాడుతున్నర్రా పిలగాండ్లు?"

"నిరుడు గీడ చిన్న పిట్టలుండె కాకా. ఈసారి లేవు."

"గీ నీళ్లల్ల ఎట్లుంటయి బిడ్డా? గది ఈత కొట్టే పిట్టనా? నీళ్లు దిగాలె. నీళ్లు దిగితె బురద తేలుతది, బురద తేలితె పిట్ట దిగుతది. సంక్రాంతి దాటినంక రాండ్రి. గా మర్రిచెట్టు దిక్కు ముందుగాల తేలుతది."

సంక్రాంతి సెలవుల తర్వాత వెళ్లాం. ఆయన చెప్పిన చోటనే, మర్రిచెట్టు దిక్కున, బురద పట్టీలాగా తేలి ఉంది. దాని మీద ఉల్లంకులు ఉన్నాయి.

ఆయన ఒక్క ముక్కలో చెప్పింది పుస్తకాల్లో పేజీలకొద్దీ ఉంటుంది. ఈ పిట్టలకు కావలసింది చెరువు కాదు, చెరువు అంచు. చిన్న ఉల్లంకి కాళ్లు పొట్టివి, ముక్కు పొట్టిది. దానికి తడి బురద, లేదా వేలి లోతు నీళ్లు కావాలి. గాడ్విట్‌కు పొడుగు ముక్కు కాబట్టి ఇంకాస్త లోపలికి దిగి మేస్తుంది. ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్ట్ ఇంకాస్త లోతు నీళ్లలోకి పోతుంది. అంటే ఒకే ఒడ్డున పక్కపక్కనే మేస్తున్నా వాటి పళ్లేలు వేరు వేరు. బురద ఎండి నెర్రెలిస్తే పురుగు లోపలికి పోతుంది, పిట్ట లేచిపోతుంది. నీళ్లు మెల్లగా దిగుతూ రోజూ కొత్త బురద తేలుతుండాలి. కాలువకు నీళ్లు వదిలినప్పుడు రైతు పొలం తడుస్తుంది, ఇక్కడ పిట్టకు బువ్వ దొరుకుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునేది కూడా ఈ బురదలోనే.

అప్పటి నుంచి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాం. మొదట్లో పిట్టల పేర్లు, లెక్కలు మాత్రమే రాసేవాళ్లం. తర్వాత వరుసలు పెంచాం. తేదీ, టైము, ప్రాజెక్టు మట్టం, బురద ఎన్ని అడుగుల వెడల్పు తేలింది, అది మెత్తగా ఉందా ఎండిందా, పశువులు దిగాయా, మోటార్లు పెట్టారా, వలలు ఉన్నాయా అని రాసేవాళ్లం. గడ్డెన్న వాగు పూర్తి మట్టం 358.70 మీటర్లు. ఈ రోజు ఎంత ఉందో పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది. కొన్నేళ్లు రాశాక మట్టం చూసి ఏ ఒడ్డున బురద ఉంటుందో హాస్టల్లో కూర్చునే చెప్పగలిగాం. బాసర దగ్గర శ్రీరాంసాగర్ వెనుక నీళ్లకూ ఇదే పద్ధతి పనికొచ్చింది. అక్కడ పూర్తి మట్టం 1,091 అడుగులు. అది దిగేకొద్దీ గోదావరి ఒడ్లు బయటపడతాయి.

'ఈరోజు నలభై ఉల్లంకులు చూశాం' అని ఇంకొకరికి చెప్తే అది ఒక్కరోజు కబురు. రేపటికి అవి ఉండకపోవచ్చు. 'మట్టం ఇంత దిగితే ఫలానా దిక్కున బురద తేలుతుంది' అని చెప్తే అది ఏటా పనికొస్తుంది. ఇది మేము నేర్చుకున్న మొదటి సంగతి.

రెండో సంగతి నేర్చుకోవడానికి మాత్రం పిట్టలే ప్రాణం ఇచ్చాయి. అప్పుడు పదో తరగతి. ఒకరోజు చాయ్ హోటల్ దగ్గర ఒకాయన మా చేతిలో బైనాక్యులర్ చూసి, పిట్టలు ఎక్కడుంటాయి, రాత్రి ఎక్కడ పడుకుంటాయి అని అడిగాడు. పెద్దవాళ్లు మమ్మల్ని ఒక సంగతి అడగడం అదే మొదటిసారి. సంతోషంతో అన్నీ చెప్పాం, నోటుబుక్కు కూడా చూపించాం. మరుసటి ఆదివారం ఆ దిక్కున రెండు కట్టెలకు సన్నటి వల కట్టి ఉంది. అందులో రెండు స్టిల్ట్‌లు, ఐదు ఉల్లంకులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒకదాన్ని విడిపిస్తే మా అరచేతిలో కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టడం నేరమని మాకు తెలుసు. కానీ వల కట్టింది ఆయనే అని మేము చూడలేదు. దారి చూపింది మాత్రం మేమే. ఆ రాత్రి హాస్టల్లో ముగ్గురం అన్నం తినలేదు. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాం.

నోటుబుక్కును అప్పటి నుంచి రెండుగా చేశాం. మట్టం, బురద, పంట, కాలువ సంగతులు అడిగిన వాళ్లందరికీ చెప్తాం. రాత్రి పడుకునే చోటు, ఇక్కడే గుడ్లు పెట్టే తీతువు గూటి చోటు మాత్రం మనిషిని ఎరిగాకే చెప్తాం. పంచుకోవడం మంచిదే, కానీ ఏది పంచుకోవాలో కూడా తెలియాలి.

మూడో సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. డిగ్రీలో ఉండగా కలివి కోడి గురించి చదివాం. అదీ ఈ ఉల్లంకుల కుటుంబాలకు చుట్టమే, కానీ వలస పోదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి చూపింది ఐతన్న అనే ఊరి మనిషి. శాస్త్రవేత్తలకు ఎనభై ఏళ్లకు పైగా అందని పిట్ట ఆయనకు తెలిసిన అడవిలోనే ఉంది.

అది చదివి మా నోటుబుక్కు మళ్లీ తిరగేశాం. మర్రిచెట్టు దిక్కు, సంక్రాంతి గడువు అన్నీ ఉన్నాయి. అట్ట మీద మా ముగ్గురి పేర్లే ఉన్నాయి. తెప్ప మీది కాకా పేరు ఎక్కడా లేదు. ఆయన పేరు మేము అడగనే లేదు. మా ఇళ్లల్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. మా నాన్నలు పత్తి చేన్లలో, చెరువు పనుల్లో ఉన్నవాళ్లే. వాళ్లకు తెలిసిందాన్ని చదువు అనుకోకపోవడం మేము హాస్టల్లో ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం. ఆ సెలవుల్లో ప్రాజెక్టు దగ్గరికి పోయి కాకా కోసం అడిగాం. ఆయన పోయి ఏడాది అయిందని చెప్పారు.

తమ్ముళ్లారా! ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది. ఇది 1987 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పిట్టలను లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది, మన దేశంలో విద్యాసంస్థలు కూడా పాల్గొంటాయి. మన హాస్టల్ కూడా చేరవచ్చు, ఫీజు ఏమీ లేదు. వలస పిట్టల్లో ముందు వచ్చేవి ఆగస్టులోనే దిగుతాయి, కాబట్టి ఎదురుచూడాల్సింది చలికాలం కోసం కాదు, బురద కోసం. ఒడ్డు మీద పరిగెత్తి పిట్టలను లేపకండి, కట్ట మీద కూర్చుంటే అవే దగ్గరికి వస్తాయి. నీళ్లు ఎక్కువున్న చోటికి ఒంటరిగా పోకండి.

మా నోటుబుక్కు జిరాక్స్ కాపీ వార్డెన్ సార్‌కు పంపుతున్నాం. పడుకునే చోట్ల పేజీలు తీసేశాం. చివర్లో ఒక కొత్త వరుస గీశాం. దాని పేరు 'ఎవరు చెప్పారు'. వాళ్లను అడిగి, ఒప్పుకుంటే పేరు అందులో రాయండి.